టెంప్ ఫోల్డర్‌ను ఊడ్చే ముందు

పర్లాకిమిడిలో గానీ, గుణుపురంలో గానీ, రాయగడలో గానీ కంప్యూటర్ నెమ్మదించిందని మరమ్మతు చేసేవారిని పిలిస్తే, వారు మొదట చేసే పని దాదాపు ఒకేలా ఉంటుంది. రన్ పెట్టె తెరిచి, రెండు శాతం గుర్తుల మధ్య టెంప్ అని కొట్టి, వచ్చిన తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డర్‌లో ఉన్నదంతా ఎంచుకుని, షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొడతారు. పోనని మొండికేసిన ఫైళ్ళకు స్కిప్ నొక్కుతారు. ఆ తరువాత ఏదో ఒక క్లీనర్ ప్రోగ్రామ్‌ను నడిపి, ర్యామ్ ఖాళీ అయిందని తెరమీద చూపించి, డబ్బు తీసుకుని వెళ్ళిపోతారు. ఏదో చెత్త పోయిందన్న తృప్తి యజమానికి కూడా కలుగుతుంది.

ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో దుకాణాల బిల్లింగ్ కంప్యూటర్లనూ, బియ్యం మిల్లుల లెక్కల కంప్యూటర్లనూ చూసుకోవడమే నా వృత్తి కాబట్టి, ఈ అలవాటు మంచిది కాదని ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా రాయదలచుకున్నాను. నా వాదన ఇది: తాత్కాలిక ఫైళ్ళను ఎప్పుడు డిస్క్‌కు పంపాలో, ఎప్పుడు పంపకుండానే పారేయాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మనకంటే బాగా తెలుసు. దానికి తెలియనిది ఒక్కటే, ఏ ఫైల్ పోతే వ్యాపారం లెక్కలు పోతాయన్నది. అది ఆ లెక్కలను భద్రపరిచే డేటాబేస్‌కు తెలుసు. ఈ రెండింటి మధ్యలోకి చీపురు పట్టుకుని వచ్చే మూడో మనిషికి మాత్రం రెండూ తెలియవు.

ముందుగా క్యాష్ సంగతి, అంటే డిస్క్ సరుకును త్వరగా అందేలా ర్యామ్‌లో దగ్గర పెట్టుకోవడం సంగతి, చూద్దాం. ప్రోగ్రామ్ ఒక ఫైల్‌లో ఏదైనా రాస్తే ఆ రాత నేరుగా డిస్క్ మీదికి వెళ్ళదు. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ర్యామ్‌లో, సాధారణంగా 4 కిలోబైట్ల పేజీలుగా ఉంచుకుని, అవి ఇంకా డిస్క్‌కు చేరలేదని గుర్తు పెట్టుకుని, రాయడం అయిపోయిందని ప్రోగ్రామ్‌కు అప్పుడే జవాబు చెప్పేస్తుంది. అలా గుర్తు పడిన పేజీలను డర్టీ పేజీలు అంటారు. విండోస్‌లాగే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌లో మామూలు అమరికలు ఉంటే, దాని నడిబొడ్డున ఉండే కెర్నల్ అనే భాగం 5 సెకన్లకొకసారి మేల్కొని, 30 సెకన్లకు మించి వయసున్న డర్టీ పేజీలను డిస్క్‌కు పంపుతుంది. అందుబాటులో ఉన్న మెమరీలో అవి 10 శాతం దాటితే వయసుతో నిమిత్తం లేకుండా వెనకనుంచి రాయడం మొదలుపెడుతుంది, 20 శాతానికి చేరితే రాస్తున్న ప్రోగ్రామ్‌నే కాసేపు నిలబెడుతుంది. విండోస్‌లో ఇదే పనిని లేజీ రైటర్ అనే భాగం చేస్తుంది. అది సెకనుకొకసారి లేచి, ఈ మధ్య డిస్క్‌కు పంపని పేజీలలో ఎనిమిదో వంతును రాయడానికి వరుసలో పెడుతుంది.

చదివేటప్పుడు కూడా ఇంతే. ఒకసారి డిస్క్ నుంచి తెచ్చిన పేజీని, ఆ ర్యామ్ ఇంకొకరికి అవసరమయ్యేదాకా అక్కడే ఉంచుతుంది. ఉదయం మొదటి బిల్లు వేసేటప్పుడు సరుకుల జాబితా తెరుచుకోవడానికి పట్టినంత సమయం రెండో బిల్లుకు పట్టకపోవడానికి కారణం ఇదే. అందువల్ల బాగా నడుస్తున్న ఏ కంప్యూటర్‌లోనైనా కొన్ని గంటల తరువాత ఖాళీ ర్యామ్ తక్కువగానే కనిపించాలి. "బాబూ, ర్యామ్ అంతా నిండిపోనాదట, ఇంకోటి ఎయ్యమంటావేటి?" అని మిల్లు యజమానులు నన్ను అడుగుతూంటారు. నిండినట్టు కనిపించే ఆ ర్యామ్‌లో ఎక్కువ భాగం ఎవరడిగినా క్షణంలో ఇచ్చేయగల క్యాష్ అని చెబితే వారు నమ్మడానికి కొంత సమయం పడుతుంది. ఈ అపోహ మన ప్రాంతానికే పరిమితమైనది కూడా కాదు. నిజంగా ఎంత మెమరీ దొరుకుతుందో అంచనా వేసి చెప్పే అంకెను లినక్స్ కెర్నల్‌లో 2014లో, 3.14 వెర్షన్‌లో, ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది. ర్యామ్‌ను ఖాళీ చేసే ప్రోగ్రామ్‌లు చేసేదల్లా ఈ క్యాష్‌ను బయటికి నెట్టడం, దాన్ని మళ్ళీ డిస్క్ నుంచి చదివే శ్రమను తరువాతి బిల్లు మీద మోపడం. అది మరమ్మతు కాదు, నష్టం.

ఇప్పుడు తాత్కాలిక ఫైళ్ళ దగ్గరికి వద్దాం. నెలవారీ అమ్మకాలను ఖాతాదారుల పేర్ల వరుసలో చూపించమని అడిగితే, డేటాబేస్ ఆ వరుసలన్నింటినీ ఎక్కడో ఒకచోట పేర్చుకోవాలి. ఆ పని తనకు కేటాయించిన మెమరీలో పడితే అక్కడే చేసుకుంటుంది, పట్టకపోతే తాత్కాలిక ఫైల్ తెరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇలాంటి ఒక్కొక్క పనికి ఇచ్చే మెమరీ మామూలుగా 4 మెగాబైట్లు. అది దాటితే తన డేటా ఫోల్డర్ లోపలే ప్రత్యేకంగా ఉన్న తాత్కాలిక స్థలంలోకి రాస్తుంది. చిన్న దుకాణాల ప్రోగ్రామ్‌లలో ఎక్కువగా కనిపించే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఇంకా పొదుపరి. తాత్కాలిక పట్టికకు ఫైల్ కావాలని అనిపించినా వెంటనే తెరవదు. తన సొంత పేజీ క్యాష్ నిండి పొర్లేదాకా ఆగి, అప్పుడు మాత్రమే డిస్క్ మీద ఫైల్ సృష్టిస్తుంది. చిన్న పనులకు ఆ అవసరమే రాదు.

ఫైల్ సృష్టించిన తరువాత కూడా అది డిస్క్‌ను తాకుతుందన్న నమ్మకం లేదు, నాకు అన్నింటికంటే ముచ్చట గొలిపేది ఇదే. లినక్స్‌లో ఒక తాత్కాలిక ఫైల్ పుట్టి, పనిచేసి, అర నిమిషం లోపే తొలగిపోతే, దాని డర్టీ పేజీలు వయసుకు రాకముందే రద్దయిపోతాయి. ఫైళ్ళను డిస్క్ మీద అమర్చే ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌లు డిస్క్ మీద చోటు కేటాయించడాన్ని కూడా రాసే క్షణం దాకా వాయిదా వేస్తాయి కాబట్టి, అలాంటి ఫైల్‌కు డిస్క్ మీద ఒక్క బ్లాకు కూడా దక్కకుండానే జీవితం ముగియవచ్చు. డైరెక్టరీలో పేరు కనిపించినంత మాత్రాన అది డిస్క్ మీద ఉందని అనుకోనక్కర లేదన్నమాట. విండోస్‌లో ప్రోగ్రామ్ ఈ విషయాన్ని నోరు తెరిచి చెప్పగలదు. ఫైల్ తెరిచేటప్పుడే ఇది తాత్కాలికం అనే లక్షణాన్ని జోడిస్తే, మెమరీ చాలినంత కాలం దాన్ని డిస్క్‌కు రాయకుండా ఉంచడానికి క్యాష్ ప్రయత్నిస్తుంది. మూసిన వెంటనే తొలగించమనే గుర్తు కూడా పెడితే, ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ అది తెరిచి ఉంచినవాటిని మూసేటప్పుడు ఫైల్‌ను తీసేస్తుంది.

లినక్స్ వంటి, యూనిక్స్ సంతతికి చెందిన సిస్టమ్‌లలో దీనికి ఇంకా పాత ఉపాయం ఉంది. ఫైల్‌ను తెరిచి, తెరిచిన మరుక్షణం దాని పేరును తొలగిస్తారు. పేరు పోయినా తెరిచిన ప్రోగ్రామ్ బతికి ఉన్నంతవరకు లోపలి సరుకు ఉంటుంది, ప్రోగ్రామ్ పోగానే కెర్నల్ ఆ చోటును తిరిగి తీసుకుంటుంది. ఎస్‌క్యూలైట్ చేసేది ఇదే. పేరు ఉండే ఆ కొద్ది క్షణాల దశను కూడా తప్పించడానికి లినక్స్ 2013లో, 3.11 వెర్షన్‌లో, మొదటినుంచీ పేరు లేకుండానే ఫైల్ తెరిచే వీలు కల్పించింది. డిస్క్ నిండిపోయిందని ఒక ఆదేశం చెబుతుంటే, ఫైళ్ళన్నీ కూడినా అంత లెక్క రావడం లేదని ఇంకో ఆదేశం చెప్పడం వెనక సాధారణంగా ఇలాంటి పేరు లేని ఫైలే ఉంటుంది. ఊడ్చేవారికి అది కనిపించదు, కనిపించనవసరమూ లేదు.

అయితే టెంప్ ఫోల్డర్‌లో ఆ చెత్త ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలి. మరమ్మతు కుర్రవాళ్ళ అలవాటు శూన్యంలోంచి పుట్టలేదు. మూసినప్పుడు తొలగించమన్న గుర్తు పనిచేయాలంటే ఆ మూసే పని చేయడానికి ఆపరేటింగ్ సిస్టమ్ బతికి ఉండాలి. కరెంటు పోతే మూసేవారే ఉండరు. మన వైపు ఎండాకాలం సాయంత్రాలు గాలివాన లేచినప్పుడల్లా కరెంటు పోతుంది, చాలా దుకాణాల్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఫ్యాన్లకు సరిపోతుంది గాని కంప్యూటర్ దాకా రాదు. అలా నిలువునా ఆగిన ప్రతిసారీ కొన్ని అనాథ ఫైళ్ళు మిగలవచ్చు. విండోస్ టెంప్ ఫోల్డర్‌లో ఇ-టి-ఐ-ఎల్-క్యూ-ఎస్ అనే అక్షరాలతో మొదలయ్యే పేర్లు కనిపిస్తే అవి ఇవే.

ఆ వింత పేరుకు ఒక కథ ఉంది, అది ఎస్‌క్యూలైట్ సోర్స్ కోడ్‌లోనే వ్యాఖ్యగా రాసి ఉంటుంది. మొదట్లో ఆ ఫైళ్ళ పేర్లు ఎస్‌క్యూలైట్ అన్న పేరుతోనే మొదలయ్యేవి. మెకాఫీ సంస్థ తన యాంటీవైరస్‌లో ఎస్‌క్యూలైట్‌ను వాడడం మొదలుపెట్టాక, విండోస్ వాడుకరులకు టెంప్ ఫోల్డర్‌లో ఆ పేర్లు కనిపించసాగాయి. వారు ఆ పేరును గూగుల్‌లో వెతికి, దాన్ని తయారుచేసినవారి ఫోన్ నంబర్లు పట్టుకుని, అర్ధరాత్రి లేపి ఫిర్యాదు చేసేవారట. అందుకని 2006 అక్టోబరులో ఆ పేరును వెనకనుంచి ముందుకు తిప్పి రాశారు. చెత్త మీద జనానికి ఉన్న కోపం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇది చాలు. ఈ అనాథ ఫైళ్ళను, ప్రోగ్రామ్‌లన్నీ మూసి, కంప్యూటర్‌ను ఒకసారి మళ్ళీ ఆన్ చేసిన తరువాత తొలగిస్తే ఏ నష్టమూ లేదు. అంతవరకు ఊడ్చేవారితో నాకు తగవు లేదు. పోస్ట్‌గ్రెస్ అయితే ఆ శ్రమ కూడా మనకు పెట్టదు, సర్వర్ మొదలయ్యేటప్పుడు తన పాత తాత్కాలిక ఫైళ్ళను తానే తుడిచేసుకుంటుంది.

తగవు ఎక్కడంటే, చూడడానికి ఇలాగే ఉండి, స్వభావంలో దీనికి పూర్తిగా విరుద్ధమైన ఫైళ్ళ దగ్గర. బిల్లింగ్ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో డేటాబేస్ పక్కనే, అదే పేరుకు జర్నల్ అన్న తోక తగిలించుకున్న ఫైల్ ఒకటి అప్పుడప్పుడు కనిపిస్తుంది. బిల్లు నమోదయ్యే కొద్దిసేపు ఉండి మాయమవుతుంది కాబట్టి దాన్ని కూడా టెంప్ ఫైల్ కిందే జమకట్టేస్తారు. నిజానికి అందులో ఉండేది, మారబోతున్న పేజీల పాత రూపం. ఎస్‌క్యూలైట్ పాత పేజీలను మొదట ఇందులో రాసి, డిస్క్‌కు చేరిందని రూఢి చేసుకుని, ఆ తరువాతే అసలు డేటాబేస్‌లో కొత్త పేజీలు రాసి, అవి కూడా చేరాయని రూఢి చేసుకుని, చివర జర్నల్‌ను తొలగిస్తుంది. మామూలు పద్ధతిలో ఆ తొలగింపు క్షణమే బిల్లు ఖరారైన క్షణం. జర్నల్ ఉన్నంతవరకు బిల్లు పడనట్టు, జర్నల్ పోతే పడినట్టు.

ఇప్పుడు సగం పేజీలు రాసి ఉండగా కరెంటు పోయిందనుకుందాం. మళ్ళీ ఆన్ చేసి బిల్లింగ్ ప్రోగ్రామ్ తెరిస్తే, ఎస్‌క్యూలైట్ ఆ జర్నల్‌ను చూసి, పాత పేజీలను వెనక్కు పెట్టి, సగంలో ఆగిన బిల్లును జరగనట్టు చేసి, లెక్కలను నికరంగా నిలబెడుతుంది. కానీ ఆన్ చేసిన వెంటనే ఎవరైనా వచ్చి, పోయినసారి సరిగ్గా మూయకపోవడం వల్ల మిగిలిన టెంప్ ఫైల్ కదా అని దాన్ని తొలగిస్తే, సగం పాతవీ సగం కొత్తవీ అయిన పేజీలు ఖరారైన లెక్కలుగా మిగిలిపోతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. ఎన్నాళ్ళకో ఒక ఖాతా తెరిచేటప్పుడు డేటాబేస్ చెడిపోయిందన్న సందేశం వస్తుంది. అప్పుడు నింద వైరస్ మీదికో, కరెంటు మీదికో పోతుంది.

2010లో వచ్చిన 3.7.0 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్‌లో రెండో పద్ధతి కూడా ఉంది. ఇది మన పాత షావుకార్లకు కొత్త కాదు. పగలంతా వరుసగా చిట్టా రాసి, తీరిక దొరికినప్పుడు ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారిది ఎక్కించినట్టే, కొత్త పేజీలన్నీ మొదట వాల్ అనే తోక ఉన్న ఫైల్ చివర చేరుతూ పోతాయి, అది సుమారు 1000 పేజీలకు చేరినప్పుడు డేటాబేస్‌లోకి ఎక్కుతాయి. పేజీ 4 కిలోబైట్లైతే అది 4 మెగాబైట్లు. చిన్న మందుల దుకాణానికి 4 మెగాబైట్లంటే చాలా బిల్లులు. బ్యాకప్ పేరుతో పెన్‌డ్రైవ్‌లోకి డేటాబేస్ ఫైల్‌ను ఒక్కదాన్నే కాపీ చేసి, పక్కనున్న ఆ ఫైల్‌ను వదిలేసేవారు అందులో ఉన్న బిల్లులనూ వదిలేస్తున్నారు. దాన్ని తొలగించేవారి సంగతి చెప్పనవసరం లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి గజపతి జిల్లా మీద విరుచుకుపడినప్పుడు ఈ ప్రాంతంలో కరెంటు మళ్ళీ రావడానికి రోజులు పట్టింది. తరువాత నా దగ్గరికి వచ్చిన కంప్యూటర్లలో నీళ్ళు తగిలినవి సరే, నీళ్ళు తగలకపోయినా లెక్కలు చెడినవి కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో జర్నల్ మిగిలి ఉంది, ప్రోగ్రామ్ తెరవగానే అన్నీ సర్దుకున్నాయి. అప్పటికే ఎవరో శుభ్రం చేసి పెట్టినవాటిని నేను పూర్తిగా బాగుచేయలేకపోయాను. పాత బ్యాకప్ తెచ్చి, ఆ పైన కాగితం బిల్లులు చూసి తిరిగి ఎక్కించవలసి వచ్చింది.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రాతలను అర నిమిషం దాకా దగ్గర పెట్టుకుంటుంటే, జర్నల్ డిస్క్‌కు చేరిందని డేటాబేస్‌కు ఎలా తెలుస్తుంది? దానికే ఎఫ్‌సింక్ అనే పిలుపు ఉంది, విండోస్‌లో ఫ్లష్‌ఫైల్‌బఫర్స్ అంటారు. ఈ ఫైల్ పేజీలన్నీ డిస్క్‌కు చేరేదాకా నన్ను ఆపు, చేరిన తరువాతే జవాబు చెప్పు అని డేటాబేస్ అడుగుతుంది. తాత్కాలిక పేర్పుడు ఫైళ్ళకు డేటాబేస్ ఈ పిలుపు పిలవదు, జర్నల్‌కు పిలుస్తుంది. నా దృష్టిలో రెండు జాతుల మధ్య అసలైన సరిహద్దు ఇదే. ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎంతసేపు ఉంటుంది, పేరు ఎలా ఉంది అన్నవి కావు.

ఈ పిలుపుకు ఖరీదు ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. ఒక్కొక్క బిల్లు ఖరారుకు ఒకటికి మించిన ఎఫ్‌సింక్‌లు కావాలి కాబట్టి, అలాంటి డిస్క్ మీద సెకనుకు సుమారు 60 ట్రాన్సాక్షన్‌లు, అంటే ఒక్కసారిగా ఖరారయ్యే మార్పుల కట్టలు, మాత్రమే సాగుతాయని ఎస్‌క్యూలైట్ రూపకర్తలే చెబుతారు. దుకాణంలో ఒక మనిషి బిల్లు కొట్టే వేగానికి ఇది ఎంతో ఎక్కువ. పాత సాఫ్ట్‌వేర్ నుంచి వేల సరుకుల పేర్లు ఎక్కించేటప్పుడు మాత్రం, అన్నింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టడం తెలియని ప్రోగ్రామర్‌కు ఇది నరకంలా కనిపిస్తుంది. అప్పుడతడు ఎఫ్‌సింక్ పిలవాలో వద్దో డేటాబేస్‌కు చెప్పే సింక్రనస్ అనే అమరికను ఆఫ్ చేసి పారేస్తాడు. ఆ ఒక్క పదంతో జర్నల్‌కు ఉన్న అర్థమంతా పోతుంది, ఎందుకంటే కెర్నల్ ఏ పేజీని ముందు రాస్తుందో, ఏది తరువాత రాస్తుందో ఇక ఎవరూ హామీ ఇవ్వరు.

దీనికి తోడు డిస్క్‌కు దాని సొంత క్యాష్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పంపిన పేజీని డిస్క్ తన చిప్‌లో ఉంచుకుని, రాశానని చెప్పవచ్చు. అందుకే ఎఫ్‌సింక్ సమయంలో, నీ క్యాష్‌ను కూడా ఖాళీ చెయ్యి అనే ఆజ్ఞ డిస్క్‌కు వెళుతుంది. మ్యాక్ కంప్యూటర్లలో మామూలు ఎఫ్‌సింక్ ఆ ఆజ్ఞ పంపదు, దానికి ఇంకో ప్రత్యేకమైన పిలుపు వాడాలి. విండోస్ డివైస్ మేనేజర్‌లో డిస్క్ పాలసీల పేజీలో రెండు టిక్కు పెట్టెలు ఉంటాయి. మొదటిది రాతల క్యాష్‌ను అనుమతిస్తుంది, దానితో ఇబ్బంది లేదు. రెండోది ఆ క్యాష్‌ను ఖాళీ చేయించే ఆజ్ఞలనే ఆపేస్తుంది. దాని పక్కనే, డిస్క్‌కు వేరే విద్యుత్ ఏర్పాటు ఉంటే తప్ప దీన్ని పెట్టవద్దన్న హెచ్చరిక ఉంటుంది. ఇన్వర్టర్ కూడా కంప్యూటర్ దాకా రాని దుకాణాల్లో, వేగం పెంచే చిట్కా అని ఆ రెండో టిక్కు పెట్టినవారిని చూశాను. టెంప్ ఫోల్డర్ ఊడ్చడం కంటే ఇది నూరు రెట్లు ప్రమాదకరం.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేను గుడ్డిగా వెనకేసుకొస్తున్నానని అనుకోకుండా ఒక విషయం చెప్పాలి. 2018లో పోస్ట్‌గ్రెస్ రూపకర్తల మధ్య పెద్ద కలకలం రేగింది. డర్టీ పేజీని డిస్క్‌కు రాసేటప్పుడు లోపం వస్తే, లినక్స్ ఆ లోపాన్ని ఎఫ్‌సింక్ ద్వారా ఒకసారి చెప్పి, పేజీని మాత్రం శుభ్రమైనదిగా గుర్తు పెట్టేస్తుందని అప్పుడు గ్రహించారు. మొదటిసారి విఫలమైందని చూసి డేటాబేస్ మళ్ళీ ఎఫ్‌సింక్ పిలిస్తే, ఈసారి అంతా బాగుందన్న జవాబు వస్తుంది, రాత మాత్రం ఎప్పటికీ డిస్క్‌కు చేరదు. ఏళ్ళ తరబడి మళ్ళీ ప్రయత్నించడమే సరైన పద్ధతి అనుకుని నడిచిన డేటాబేస్ అది. 2019 నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ విఫలమైతే మారు మాట లేకుండా తనను తాను ఆపేసుకుని, మార్పులను ముందే రాసుకున్న లాగ్ ఫైల్ నుంచి లెక్కలు తిరిగి కట్టుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఒప్పందంలో ఎంత మసక ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ మసకకు విరుగుడుగా ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌ను పూర్తిగా పక్కకు నెట్టి డేటాబేసే తన మెమరీని తాను చూసుకోవాలన్న వాదం పాతదే. డేటాబేస్ పరిశోధకుడు మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1981లోనే, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే బఫర్ సేవలు, అంటే ఈ క్యాష్ వంటివి, డేటాబేస్ అవసరాలకు సరిపోవని వాదించారు. ఏ పేజీ మళ్ళీ కావాలో, ఏది ఒక్కసారి చూసి వదిలేసేదో డేటాబేస్‌కు ముందే తెలుసు, కెర్నల్‌కు తెలియదు. ఏది ముందు డిస్క్‌కు చేరాలన్న క్రమం కూడా అంతే. పెద్ద బ్యాంకు సర్వర్‌కు ఈ వాదం నూటికి నూరు పాళ్ళు సరైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ 4 గిగాబైట్ల ర్యామ్‌లో బ్రౌజర్, ప్రింటర్ డ్రైవర్, జీఎస్‌టీ రిటర్న్ పేజీ, బిల్లింగ్ అన్నీ నడిచే దుకాణంలో, ఎవరికి ఎప్పుడు ఎంత మెమరీ ఇవ్వాలో అందరినీ చూడగలిగే కెర్నలే నిర్ణయించడం మేలు. అక్కడ డేటాబేస్‌కు కావలసింది ఎఫ్‌సింక్ నిజాయితీగా పనిచేయడం ఒక్కటే.

లినక్స్ వాడే కొద్దిమంది కోసం ఇంకొక మాట. లినక్స్ రకాలలో ఫెడోరా 2013లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి, డెబియన్ 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి, టెంప్ డైరెక్టరీని డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే ఉంచుతున్నాయి. మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం దాకా అది పెరగవచ్చు. చిన్న ఫైళ్ళకు ఇది చక్కని ఏర్పాటు. కానీ మెమరీ చాలకే డేటాబేస్ తాత్కాలిక ఫైల్ తెరుస్తుంది కదా, ఆ ఫైల్ మళ్ళీ అదే ర్యామ్‌లో పడితే ఇరుకు తీరకపోగా ఇంకా పెరుగుతుంది. పైగా మామూలు క్యాష్ పేజీని కెర్నల్ డిస్క్‌కు రాసి వదిలించుకోగలదు, దీన్ని స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు, లేకుండా వదిలించుకోలేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తన తాత్కాలిక ఫైళ్ళకు మామూలుగా ఆ డైరెక్టరీనే వాడుతుంది కాబట్టి దాన్ని వేరేచోటికి మళ్ళించడం మంచిది. ఎస్‌క్యూలైట్ ఈ విషయంలో ముందుచూపున్నది. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, రీబూట్ తరువాత కూడా నిలిచే వార్ డైరెక్టరీ కింది టెంప్‌ను ముందుగా వెతికి, ఆ తరువాతే మామూలు టెంప్ దగ్గరికి వస్తుంది.

పెన్‌డ్రైవ్ బ్యాకప్‌ల గురించి రాయకపోతే ఈ ఊళ్ళ సంగతి పూర్తి కాదు. సాయంత్రం కొట్టు మూసే ముందు కాపీ చేసి, కాపీ గీత నిండగానే లాగేసి జేబులో వేసుకోవడం అందరి అలవాటు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకు రాతల క్యాష్ మామూలుగా ఉండదు కాబట్టి అక్కడ ముప్పు తగ్గింది. లినక్స్‌లో మాత్రం గీత నిండినప్పుడు చాలా భాగం ఇంకా డర్టీ పేజీలుగా ర్యామ్‌లోనే ఉండవచ్చు, ఎజెక్ట్ చేసి అది ఒప్పుకునేదాకా ఆగితీరాలి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను నడుస్తుండగా ఫైల్‌గా కాపీ చేయడం కంటే, 2019లో 3.27 వెర్షన్‌తో వచ్చిన వాక్యూమ్ ఇన్‌టూ ఆదేశంతో కొత్త ఫైల్‌లోకి తీయిస్తే, వాల్ ఫైల్‌లో ఉన్నవి కూడా కలిసి నికరమైన నకలు వస్తుంది. నేను చూసే కంప్యూటర్లలో ఈ ఆదేశాన్ని డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ వెనక పెట్టి, దానికి ఆ రోజు లెక్క అని పేరు పెడుతున్నాను.

వీటన్నింటికీ యజమానులు చెప్పే అభ్యంతరం ఒక్కటే: డిస్క్ పాలసీలో రెండో టిక్కు తీసేసి, సింక్రనస్ అమరికను మళ్ళీ పూర్తి స్థాయికి తెస్తే పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో బిల్లు పడడం కొంచెం నిదానిస్తుంది. నిజమే, నిదానిస్తుంది. ఆ నిదానానికి మందు ఎస్‌ఎస్‌డీ. అందులో తిరిగే పళ్ళెం లేదు కాబట్టి ఎఫ్‌సింక్ కోసం చుట్టు తిరిగే దాకా ఆగవలసిన పని లేదు. అయితే సర్వర్ల కోసం అమ్మే కొన్ని ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినా క్యాష్‌ను రాసుకునేంత శక్తి నిలిపే కెపాసిటర్లు ఉంటాయి, దుకాణాలకు వచ్చే చవక రకాల్లో సాధారణంగా ఉండవు. కనుక ఎస్‌ఎస్‌డీ వేసిన తరువాత కూడా ఆ రెండో టిక్కు తీసేసే ఉంచుతాను, ఇన్వర్టర్ తీగను కంప్యూటర్ బల్ల దాకా లాగించమని చెబుతాను, బిల్లింగ్ ఫోల్డర్‌ను క్లీనర్ ప్రోగ్రామ్ ముట్టని జాబితాలో చేరుస్తాను. క్లీనర్‌నే తీసేయమంటే చాలామంది ఇంకా ఒప్పుకోవడం లేదు.